లక్షణం వెనుక ప్రయోజనం

పరీక్ష రోజున పిల్లవాడికి కడుపునొప్పి వస్తుంది. ఒకరు ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకుంటారు. ఇంకొకరు ఎవరితోనూ గొడవ లేకుండానే నలుగురిలోకి వెళ్ళడం మానేస్తారు. ఇలాంటివి ఎందువల్ల వచ్చాయని అడగడం వైద్యంలో మామూలు. మానసిక చికిత్సకులు దాని పక్కనే మరో ప్రశ్న వేస్తారు: ఇది ఆ మనిషికి ఏం చేసిపెడుతోంది? బాధపెట్టే లక్షణమే ఏదో మేలు కూడా చేస్తూ ఉండవచ్చు. ఆ మేలేమిటో తెలుసుకోకుండా లక్షణాన్ని తీసేయబోతే అది తిరిగి రావచ్చు, లేదా మనిషి చికిత్సనే వదిలేయవచ్చు. గత నూట పాతికేళ్లలో ఒకదానితో ఒకటి పొసగని చికిత్సా సంప్రదాయాలు కూడా ఈ ఊహను ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నాయి. ఆ ప్రయోజనం ఎవరిది, ఎక్కడ వెతకాలి, ఎలా రుజువు చేయాలి అన్న దగ్గర విడిపోయాయి.

ప్రయోజనం ఉందని చెప్పడం వేరు, కావాలని చేస్తున్నారని చెప్పడం వేరు. కుటుంబసభ్యులు, ఉపాధ్యాయులు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా ఇక్కడే పొరబడతారు. ‘వేషాలేస్తోంది’, ‘బడి ఎగ్గొట్టడానికే ఈ నొప్పి’ అనే మాటల్లోనూ ప్రయోజనం అనే ఊహ ఉంది, కాని దానికి నేరారోపణ తోడైంది. లాభం కోసం తెలిసి రోగం నటించడాన్ని వైద్యశాస్త్రం విడిగా చూస్తుంది, దాన్ని జబ్బుల్లో కలపదు. ఇక్కడ చెప్పుకునే ప్రయోజనం చాలాసార్లు ఆ మనిషికే తెలియనిది. నొప్పి నిజం, భయం నిజం, కాలు కదలకపోవడం నిజం. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. జబ్బుపడ్డవాళ్ల మీద ఇంట్లో శ్రద్ధ పెరుగుతుంది. అంతమాత్రాన శ్రద్ధ కోసమే జబ్బు వచ్చిందని తేలదు. ఫలితాన్ని ప్రయోజనంగా లెక్కకట్టడం ఈ రంగంలో అన్నిటికన్నా సులువుగా జరిగే తప్పు. ఏ సంప్రదాయం విలువైనా ఆ తప్పు నుంచి అది ఎంతవరకు తప్పించుకుందన్న దాన్ని బట్టే చూడాలి.

రాజీగా లక్షణం: ఫ్రాయిడ్

1895లో జోసెఫ్ బ్రాయర్‌తో కలిసి హిస్టీరియా మీద పుస్తకం ప్రచురించేనాటికి సిగ్మండ్ ఫ్రాయిడ్ దృష్టి ఎక్కువగా కారణం మీదే ఉంది. మరుగునపడ్డ జ్ఞాపకం లక్షణమై బయటపడుతుందని ఆ పుస్తకం వాదన. తర్వాత ఆయన ఆలోచన ముందుకు జరిగింది. మనసులో ఒక కోరిక, దాన్ని ఒప్పుకోని నిషేధం పోట్లాడుకుంటాయి. ఆ రెండింటికీ కొంత కొంత దక్కేలా కుదిరిన రాజీయే లక్షణం.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వియన్నా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన చెప్పిన ఒక కేసు దీన్ని బాగా చూపిస్తుంది. ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్న ఒక మహిళ రోజూ చాలాసార్లు తన గదిలోంచి పక్కగదిలోకి పరుగెత్తి, బల్ల పక్కన నిలబడి, గంట కొట్టి పనిమనిషిని పిలిచేది. ఏదో చిన్న పని చెప్పి, లేదా ఏమీ చెప్పకుండానే పంపేసి, మళ్ళీ తన గదిలోకి పరుగెత్తేది. ఎందుకలా చేస్తోందో ఆమెకే తెలియదు. ఒకరోజు ఆమెకు పెళ్లినాటి రాత్రి గుర్తొచ్చింది. వయసులో చాలా పెద్దవాడైన భర్త ఆ రాత్రి సంభోగానికి అశక్తుడై, పదేపదే తన గదిలోంచి ఆమె గదిలోకి వచ్చి విఫలుడై వెళ్ళాడు. తెల్లవారితే పక్క సర్దే పనిమనిషి ముందు తలెత్తుకోలేనంటూ పక్కగుడ్డ మీద ఎర్రసిరా పోశాడు, అదీ సరైన చోట పడలేదు. ఆమె నిలబడే బల్ల మీది గుడ్డపై ఒక పెద్ద మరక ఉంది, పనిమనిషి కంటికి అది కనబడేలా ఆమె నిలబడేది. అర్థంలేనిదిగా తోచిన ఆ పరుగు, ఫ్రాయిడ్ వివరణలో, ఆ రాత్రిని మళ్ళీ జరిపి సరిదిద్దుతోంది: మరక ఉన్న చోటే ఉంది, ఆయన సిగ్గుపడనక్కర్లేదు. అప్పటికే భర్తకు దూరంగా ఉంటున్న ఆమె ఇంకా ఆయన పరువు కాపాడుతూనే ఉంది.

లక్షణం వల్ల కలిగే మేలును ఫ్రాయిడ్ రెండుగా విడదీశాడు. లోపలి ఘర్షణ నుంచి వెంటనే దొరికే ఊరట ప్రాథమిక లాభం. జబ్బు వచ్చాక బయటి లోకం నుంచి చేరే సానుభూతి, విశ్రాంతి, పరిహారం వంటివి ద్వితీయ లాభం. 1905 నాటి ‘డోరా’ కేసు వ్యాసంలో ఆయన ఒక తాపీపనివాణ్ణి ఊహించమంటాడు. ఇంటి మీంచి పడి కుంటివాడై, వీధి మూలన అడుక్కుని బతుకుతున్నవాడికి ఎవరో వచ్చి కాలు నయం చేస్తానంటే అతని మొహంలో ఆనందం కనబడుతుందని అనుకోవద్దంటాడు. పడ్డనాడు అది తీరని కష్టం. తర్వాత అదే జీవనాధారమైంది. ద్వితీయ లాభం అనే మాట తర్వాతికాలంలో పరిహార కేసుల్లో రోగిని అనుమానించే ఆయుధంగా మారింది. ఆ ఉదాహరణలో ఉన్న జాలి అందులో మిగల్లేదు.

ఆడ్లర్ ప్రశ్న

1911లో ఫ్రాయిడ్ నుంచి విడిపోయిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ప్రయోజనాన్ని తన సిద్ధాంతానికి నడుమ నిలబెట్టాడు. మనిషిని వెనుకనుంచి తోసే కారణాలకన్నా ముందునుంచి లాగే లక్ష్యాలే ఎక్కువ చెబుతాయని ఆయన నమ్మకం. అదే ఏడాది వెలువడిన హాన్స్ ఫైహింగర్ తత్వగ్రంథం నుంచి ఆయన ఒక భావన తీసుకున్నాడు: నిజం కాని ఊహను కూడా నిజమే అన్నట్టు పట్టుకుని మనుషులు బతుకుతారు. ‘నేను అందరికన్నా ముందుంటేనే నాకు విలువ’ అనుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఓడిపోయే పోటీలన్నిటినీ తప్పించే దారి వెతుకుతాడు. తలనొప్పి, నిద్రలేమి, అనవసర సందేహాలు ఆ దారిలో పనికొస్తాయి. ‘నిద్రపడితే నేనూ సాధించేవాణ్ణి’ అనుకోగలగడం వల్ల ఓడిపోయానని ఒప్పుకోవాల్సిన అవసరం తప్పుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఆడ్లర్ వాడిన సాధనం ఆ సంప్రదాయంలో ‘ప్రశ్న’ అన్న పేరుతోనే నిలిచింది. మీకు ఈ బాధ లేకపోతే ఏం చేసేవారు? ‘పెళ్లి చేసుకునేదాన్ని’, ‘చదువు పూర్తిచేసేవాణ్ణి’ అన్న జవాబులో ఆ మనిషి దేన్నుంచి దూరంగా ఉంటున్నారో బయటపడుతుంది. ఆడ్లర్ శిష్యుడు రుడాల్ఫ్ డ్రైకర్స్ దీన్ని శారీరక జబ్బును వేరుచేయడానికి కూడా వాడాడు. ‘ఏముంది, నొప్పి లేకుండా ఉండేవాణ్ణి’ అని మాత్రమే జవాబొస్తే శరీరాన్ని ఇంకా పరీక్షించమనేవాడు. తప్పిపోని పరీక్ష అని దీన్ని అనలేం. అయినా లక్షణానికి అర్థం అంటగట్టేముందు శరీరాన్ని చూడాలన్న క్రమశిక్షణ అందులో ఉంది.

వియన్నా నుంచి షికాగో చేరిన డ్రైకర్స్ పిల్లల తుంటరితనానికి నాలుగు లక్ష్యాలు చెప్పాడు: శ్రద్ధ, అధికారం, ప్రతీకారం, చేతకానితనం చూపి వదిలించుకోవడం. లక్ష్యం తెలియాలంటే పెద్దవాళ్లు ముందు తమలో ఏం కలిగిందో గమనించుకోవాలి. చిరాకు వేస్తే శ్రద్ధ, సవాలు విసిరినట్టనిపిస్తే అధికారం, మనసు గాయపడితే ప్రతీకారం, ఇక చేసేదేమీ లేదనిపిస్తే నాలుగోది. ఆ తర్వాత పిల్లవాణ్ణే మెల్లగా అడగాలి: ‘బహుశా అమ్మ నీతోనే ఉండాలనేమో?’ ఊహ తగిలితే పిల్లవాడి మొహంలో ఒక చిన్న నవ్వు తన్నుకొస్తుందని డ్రైకర్స్ గమనించాడు. నాలుగే లక్ష్యాలనడం మరీ బిగించి చెప్పడమే. కాని తీర్పు చికిత్సకుడి చేతిలో కాక పిల్లవాడి స్పందనలో ఉందని చెప్పడం పెద్ద విషయం.

ఊహను పరీక్షకు పెట్టిన ప్రవర్తనవాదులు

మనసు లోతుల గురించి మాట్లాడటానికే ఇష్టపడని ప్రవర్తనవాదులు ప్రయోజనాన్ని మిగతా అందరికన్నా గట్టిగా రుజువు చేయడం ఈ చరిత్రలో గమనించదగ్గ మలుపు. వాళ్ల లెక్కలో ప్రయోజనం అంటే ఒక ప్రవర్తన తర్వాత ఏం జరగడం వల్ల అది మళ్ళీ మళ్ళీ వస్తోందో అదే.

1982లో బ్రయాన్ ఇవాటా బృందం బాల్టిమోర్‌లో ఎదుగుదల లోపాలున్న తొమ్మిదిమందితో చేసిన పని ఇక్కడ మైలురాయి. తమను తామే కొట్టుకునే, తల బాదుకునే పిల్లల్ని పదిహేను నిమిషాల చొప్పున వేర్వేరు పరిస్థితుల్లో ఉంచి చూశారు. ఒకదానిలో కొట్టుకున్నప్పుడల్లా పెద్దవాళ్లు దగ్గరికొచ్చి అనునయిస్తారు. ఒకదానిలో చదువు పని చెబుతారు, కొట్టుకుంటే పని ఆపేస్తారు. ఒకదానిలో పిల్లవాడు ఒంటరిగా ఉంటాడు. మరొకదానిలో ఆటవస్తువులు, ఆప్యాయత ఉంటాయి, అడిగేవాళ్లుండరు. బయటికి ఒకేలా కనబడిన ప్రవర్తన ఒక్కో పిల్లవాడిలో ఒక్కో పరిస్థితిలో పెరిగింది. 1994లో ఇదే బృందం 152 కేసుల ఫలితాలు ప్రకటించింది. సుమారు 38 శాతంలో పని తప్పించుకోవడం, 26 శాతంలో శ్రద్ధ లేదా వస్తువులు, దాదాపు మరో 26 శాతంలో బయటివాళ్లతో నిమిత్తం లేని శరీరానుభూతి ఆ ప్రవర్తనను నిలిపి ఉంచుతున్నాయి. ‘శ్రద్ధ కోసమే’ అన్న మన అలవాటు జవాబు మహా అయితే సుమారు నాలుగింట ఒక వంతు కేసులకే సరిపోయింది.

దీనివల్ల చికిత్స మారిపోయింది. పని తప్పించుకోవడానికి తల బాదుకునే పిల్లవాణ్ణి శిక్షగా మూలన కూర్చోబెడితే అతనికి కావలసిందే అందినట్టు. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అలాంటి పిల్లలకు మాట నేర్పారు. పాఠం కష్టమై అల్లరి చేసే బిడ్డకు ‘నాకు అర్థం కాలేదు’ అనడం, శ్రద్ధ కోసం చేసేవాడికి ‘నేను బాగా చేస్తున్నానా?’ అని అడగడం నేర్పితే అల్లరి తగ్గింది. తప్పు మాట నేర్పితే తగ్గలేదు. ప్రయోజనం గురించిన ఊహ నిజమో కాదో తేల్చడానికి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి ఈ రంగంలో రాలేదు. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులకు ఇవాళ చాలాచోట్ల ఇది శిక్షణలో భాగం. మాటలు రాని బిడ్డ ప్రవర్తనను మాటగా వినడం ఎంత గౌరవమో, ఆ బిడ్డల తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

పెద్దల ఆందోళన జబ్బుల్లో ఈ ఆలోచన మరో దారి పట్టింది. గుండె దడ మొదలవగానే కూలబడి ఊపిరి బిగబట్టే మనిషి, అలా కూర్చోవడం వల్లే గుండెపోటు తప్పిందని నమ్ముతాడు. తన భయం అబద్ధమని తెలుసుకునే అవకాశం అక్కడే పోతుంది. 1991లో పాల్ సల్కోవ్‌స్కిస్ దీన్ని రక్షణ ప్రవర్తనగా వర్ణించాడు. ప్రయోజనం కాపాడుకోవడమే, ఫలితం మాత్రం భయం బలపడటం.

కుటుంబానికి పనికొచ్చే లక్షణం

1950ల నుంచి కొందరు చికిత్సకులు ప్రయోజనాన్ని వ్యక్తి లోపల వెతకడం మాని కుటుంబంలో వెతికారు. 1957లో డాన్ జాక్సన్, కుటుంబం తన సమతూకాన్ని ఎలాగైనా నిలుపుకుంటుందనీ ఒకరి జబ్బు నయమైతే మరొకరు కుప్పకూలడం చూశాననీ రాశాడు. తల్లిదండ్రుల గొడవ ముదిరే వేళకు పిల్లకు జ్వరం వస్తే ఇద్దరూ మంచం దగ్గర ఒకటవుతారు. మిలాన్‌లో మారా సెల్వీనీ పలాత్సోలీ బృందం 1975 నాటి పుస్తకంలో ఈ ఆలోచనను చికిత్సా పద్ధతిగా మలిచింది. బిడ్డ లక్షణాన్ని, కుటుంబంలోని అందరి ప్రవర్తననూ ఇంటిని నిలబెట్టే త్యాగంగా వర్ణించి, అప్పుడే మారవద్దని చెప్పేవారు.

ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ బృందం దీన్ని రక్తపరీక్షతో పట్టుకోవాలని చూసింది. మధుమేహం అదుపులోకి రాని పిల్లలు తల్లిదండ్రుల వాదన చూస్తున్నప్పుడు, తర్వాత ఆ గదిలోకి వచ్చినప్పుడు రక్తంలో కొవ్వు ఆమ్లాలు కొలిచారు. పిల్లల్లో అవి పెరిగాయి, బిడ్డ లోపలికి వచ్చాక తల్లిదండ్రుల్లో తగ్గాయి. 1978 పుస్తకంతో ఈ ఫలితం చాలా పేరు తెచ్చుకుంది. కాని పరీక్షించిన కుటుంబాలు కొద్ది, తర్వాతి విమర్శకులు ఈ సాక్ష్యం అంత బరువు మోయదని చూపించారు.

ఈ ధోరణికి ఒక చీకటి వైపు ఉంది. స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే మూలమన్న మాట 1948 నుంచి మొదలై ఎన్నో ఇళ్లలో తల్లుల్ని దోషుల్ని చేసింది. ఆ నింద మోసిన వాళ్లకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. 1978 నుంచి స్త్రీవాద చికిత్సకులు ఇంకో ప్రశ్న వేశారు. దెబ్బలు తినే భార్య కూడా కుటుంబ సమతూకంలో ‘పాత్రధారి’ అంటే కొట్టేవాడి బాధ్యత ఎటు పోయింది? ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్ అసలు ఆ ప్రశ్ననే వదిలేశాడు. సమస్య కుటుంబానికి ఏం చేసిపెడుతోందని అడగకుండా, అది ఆ కుటుంబాన్ని ఎలా పీడిస్తోందో, దాన్ని వాళ్లు ఎప్పుడెప్పుడు ఎదిరించారో అడిగాడు.

కాపలాగా నిలిచిన లక్షణం

అమెరికాలోని శాండియాగోలో విన్సెంట్ ఫెలిటి 1980లలో స్థూలకాయ చికిత్సాలయం నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేయడం ఆయన్ని కలవరపెట్టింది. వాళ్లతో మాట్లాడితే చాలామంది చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురైనట్టు తేలింది. లావుగా ఉంటే ఎవరి చూపూ తమ మీద పడదన్నది కొందరికి భద్రత. డాక్టరుకు జబ్బుగా కనబడింది వాళ్లకు పరిష్కారం. ఈ అనుభవమే రాబర్ట్ ఆండాతో కలిసి 1998లో ప్రచురించిన బాల్యపు చేదు అనుభవాల బృహత్ అధ్యయనానికి దారితీసింది.

1980లలోనే షికాగోలో తిండి సమస్యలున్న యువతులతో పనిచేస్తూ రిచర్డ్ ష్వార్ట్జ్, మనసులోని భాగాలను కాపలాదారులుగా చూసే పద్ధతి రూపొందించాడు. బ్రూస్ ఎకర్, లారెల్ హల్లీ 1996లో ఇంకా ముందుకెళ్ళి, ఆ మనిషికి తెలియకుండా మనసు నేర్చుకున్న ఒక పాఠం ప్రకారం లక్షణం అవసరమే అన్నారు. ప్రతి ప్రమోషన్ ముందూ పని పాడుచేసుకునే ఒక ఉద్యోగి ఉన్నాడనుకుందాం. వాళ్ల పద్ధతిలో చికిత్సకుడు ‘నాకు ప్రమోషన్ వచ్చేస్తే...’ అన్న వాక్యాన్ని ఆలోచించకుండా పూర్తిచేయమంటాడు. ఐదారుసార్లు చెప్పాక ‘అన్నయ్య ముఖం చూడలేను’ అని నోట్లోంచి రావచ్చు. ఇంట్లో తమ్ముడు ముందుకు పోకూడదన్న పాఠం అప్పటిదాకా మాటల్లోకి రాలేదు. ఈ రెండు పద్ధతులూ చికిత్సకుల్లో బాగా వ్యాపించాయి, వాటి వెనుక ఉన్న స్వతంత్ర ప్రయోగాల బలం మాత్రం ఇంకా ఆ వ్యాప్తికి తగ్గట్టు లేదు.

తమను తాము గాయపరచుకునే యువత విషయంలో ఆధారం మెరుగ్గా ఉంది. 2004లో మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ చేసిన పరిశోధనలో కిశోరులు ఎక్కువగా చెప్పింది భరించలేని భావాన్ని ఆపుకోవడం గురించే. ఇతరుల శ్రద్ధ కోసమన్నది దానికన్నా తక్కువ. మార్షా లైనహన్ 1993లో పుస్తకరూపంలో తెచ్చిన చికిత్సలో ఒక్కో సంఘటనను గొలుసులా, లింకు తర్వాత లింకు, క్లయింటుతో కలిసి వెనక్కి తరచి చూస్తారు. ఏ లింకు దగ్గర వేరే దారి నేర్పవచ్చో అక్కడ దొరుకుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని ‘బెదిరించడానికి చేసింది’ అని కొట్టిపారేసే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది. భారతదేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెబుతుంది.

దయ్యం పట్టిన కోడలు

మన దేశానికి సంబంధించి ఈ చర్చలో ఎక్కువ రాసింది మానవశాస్త్రజ్ఞులు. ఢిల్లీ దగ్గరి ఒక పల్లెలో దయ్యం పట్టిన కొత్త కోడలి గురించి 1964లో స్టాన్లీ, రూత్ ఫ్రీడ్ దంపతులు రాసిన వ్యాసం ఫ్రాయిడ్ చెప్పిన రెండు లాభాలనూ నేరుగా వాడింది. అత్తింట్లో నోరెత్తలేని పిల్లకు లోపలి ఒత్తిడి నుంచి ఊరట, చుట్టూ ఉన్నవాళ్ల సానుభూతి ఒకేసారి దక్కాయని వాళ్ల విశ్లేషణ. మన దేశం బయట, సోమాలీ స్త్రీలను అధ్యయనం చేసిన ఐ.ఎం. లూయిస్, ఒంట్లో చేరిన ఆత్మ భర్తను కొత్త బట్టలు, అత్తరు అడుగుతుందని గమనించాడు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిన కోడళ్ల కథలు తెలుగు పల్లెల్లోనూ వింటాం. అయితే పూనకాలన్నిటినీ ఈ ఖాతాలో వేయకూడదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం (భవిష్యవాణి) చెప్పే స్త్రీది సమాజం గౌరవించే పాత్ర. అక్కడ రోగి లేరు, లక్షణం లేదు.

ఊహ దారితప్పినప్పుడు

1919లో యువకుడైన కార్ల్ పాపర్ వియన్నాలో ఆడ్లర్‌కు ఒక పిల్లవాడి కేసు చెప్పాడు. ఆడ్లర్ ఆ పిల్లవాణ్ణి చూడకుండానే తన సిద్ధాంతంతో సునాయాసంగా వివరించేశాడు. ఏ ప్రవర్తననైనా వివరించగల సిద్ధాంతాన్ని ఏ ప్రవర్తనా తప్పని నిరూపించలేదన్న పాపర్ అభ్యంతరం అక్కడ మొదలైంది. ప్రయోజనం చెప్పే ప్రతి చికిత్సకుడికీ అది నేటికీ వర్తిస్తుంది. క్లయింటు ఒప్పుకుంటే ఊహ నిజం, ఒప్పుకోకపోతే ‘ప్రతిఘటన’ అనే చోట ఇక పరీక్ష లేదు.

రెండో ప్రమాదం, శరీరం చేసిన పనిని మనసుకు అంటగట్టడం. తిండి మానేసిన అమ్మాయిలు వంటల గురించే మాట్లాడటం, ముక్కలు ముక్కలుగా కోసి గంటలసేపు తినడం ఒకప్పుడు లోతైన అర్థాలున్న చర్యలుగా కనబడ్డాయి. మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 1944–45లో ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు నెలల తరబడి అర్ధాకలి తిండి పెట్టి గమనించినప్పుడు వాళ్లూ అలాగే ప్రవర్తించారు. కొందరు వంటల పుస్తకాలు కూడబెట్టారు. ఆకలే అదంతా చేయిస్తుంది. కిశోరుల అనొరెక్సియాకు ఇవాళ మంచి ఆధారమున్న కుటుంబ చికిత్స లక్షణం ప్రయోజనాన్ని వెతకదు. ముందు తిండి, బరువు; తల్లిదండ్రులు దోషులు కాదు, సహాయకులు.

హిస్టీరియా విషయంలోనే ఈ దెబ్బ గట్టిగా తగిలింది. లండన్‌లో ఆ పేరుతో ముద్రపడ్డ రోగులను ఏళ్ల తర్వాత వెతికి చూసిన ఎలియట్ స్లేటర్, సగానికిపైగా మందిలో నరాల జబ్బో మరో శారీరక వ్యాధో బయటపడిందని 1965లో ప్రకటించాడు. 2005లో జాన్ స్టోన్ బృందం చేసిన సమీక్షలో, 1970ల నుంచి ఇలాంటి తప్పు నిర్ధారణ సుమారు 4 శాతానికి తగ్గినట్టు తేలింది.  2013లో అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు, కాలో చేయో పడిపోయినట్టుండే ఈ జబ్బుకు మానసిక కారణం చూపించి తీరాలన్న షరతు తీసేసింది. ఇప్పుడు వైద్యులు పరీక్షలో నేరుగా కనబడే ఆనవాళ్లను చూస్తారు. వాటిలో 1908 నాటి హూవర్ సంకేతం ఒకటి. బలహీనంగా ఉన్న కాలిని కిందికి నొక్కమంటే నొక్కలేని మనిషి, రెండో కాలును డాక్టరు చేతికి ఎదురుగా పైకి ఎత్తమన్నప్పుడు మొదటి కాలుతో తెలియకుండానే బలంగా నొక్కుతాడు. ఒకప్పుడు రోగిని పట్టించడానికి వాడిన ఈ పరీక్షను స్టోన్ వంటి నరాల వైద్యులు ఇప్పుడు రోగికే చూపిస్తున్నారు: నరాల దారి చెడలేదు, మెదడు ఆ దారిని వాడుకోలేకపోతోంది, వ్యాయామ చికిత్సతో తిరిగి నేర్చుకోవచ్చు. లక్షణం ఎందుకోసం వచ్చిందన్న చర్చ, రోగికి అవసరమనిపిస్తే, ఆ తర్వాత మొదలవుతుంది.